ఆరో నెల తూకం

ప్రతి ఆదివారం దుబాయి నుంచి వీడియోకాల్‌లో నా భార్య అలేఖ్యను తూకం మిషన్ ఎక్కించి చూడటం నా పవిత్ర బాధ్యత. ఆరో నెల వచ్చినా ముల్లు యాభై దాటదు. బిడ్డ ఎట్లా ఎదుగుతుందోనని నాకు నిద్ర లేదు. సుల్తానాబాద్‌లో మా అవ్వ కోడలికి కడుపునిండా పెట్టడం లేదని నా గట్టి అనుమానం.

ఈ వారం తెర అంచున, అలేఖ్య చంక కింద ఒక చెయ్యి దొరికిపోయింది.

“అవ్వా, గా చెయ్యి తియ్యి.”

తీయగానే ముల్లు యాభై ఆరుకు దూకింది.

“ఎందుకు లేపి పట్టినవే?”

“దవాఖాన నర్సమ్మ చెప్పినట్టే మంచిగ పెరుగుతాంది బిడ్డా. నీ దిష్టి తగలొద్దని జర లేపిన. నువ్వు మెచ్చుకున్న బర్రె తెల్లారి పాలియ్యలే, యాదికి లేదా?”

నేను వినయంగా కళ్లు మూసుకున్నాను.