ఇదీ ఒక పిజ్జాయేనా?

“దీన్ని పిజ్జా అన్నవాణ్ణి ఒక్కసారి చూపించు, దణ్ణం పెట్టొస్తా. అంత ధైర్యం నాకు లేదు.”

భర్త ఆ ముక్కని రెండు వేళ్ళతో, చచ్చిన బొద్దింకని పట్టుకున్నట్టు పైకెత్తాడు. కొత్త పెళ్ళికూతురికి నవ్వాగలేదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

“మెల్లగా అనండి. వింటారు.”

“విననీ. మన మాటలు వీళ్ళకేం తెలుస్తాయి? ఇది చూడు, చీజా, జిగురా? గోడ మీద పోస్టర్లు అంటించుకోవచ్చు. ఇక ఈ రొట్టె! తలుపు కింద సందులో పెడితే చలిగాలి రాదు.”

“పోయినవారం తిన్నదాన్ని తడిసిన అట్ట అన్నారు.”

“ఆ అట్టకి క్షమాపణ చెప్పుకోవాలి. దానికి కాస్తో కూస్తో సిగ్గుండేది.”

“మరి ఖాళీ చేసేస్తున్నారేంటి?”

“తెప్పించుకున్నాక శిక్ష పూర్తిగా అనుభవించాలిగా!”

పెళ్ళయి ఈ పరాయి దేశం వచ్చిన కొత్తలో ఆమె గడప దాటేది కాదు. భాష రాదు. ఏ బస్సు ఎటు పోతుందో తెలియదు. మెట్ల దగ్గర ఎవరైనా పలకరిస్తే గబుక్కున లోపలికొచ్చి తలుపేసుకునేది. “మీరెళ్ళి రండి, నేను ఇంట్లోనే ఉంటా” అనేది. కర్టెన్ తియ్యడానికి కూడా మనసొప్పేది కాదు. అలాంటి రోజుల్లో ఒక శనివారం అతను దిగాలుగా మొహం పెట్టి తన బాధ చెప్పుకున్నాడు. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఉంటున్నా అసలైన ఇటాలియన్ పిజ్జా ఒక్కటీ దొరకలేదట. మధ్యలో పల్చగా ఉండి, అంచులు ఉబ్బి, కట్టెల పొయ్యి సెగకి అక్కడక్కడా మాడి ఉండాలట.

“ఒక్కణ్ణే వెతకలేకపోతున్నా. తోడొస్తావా? దొరికిందంటే ఇక తిరిగే పని లేదు. హాయిగా ఇంటికే తెప్పించుకుందాం.”

జాలిపడి బయల్దేరింది.

పోను పోను జాలి పోయి సరదా మిగిలింది. వారమంతా అతను పడగ్గది తలుపేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆఫీసువాళ్ళతో మాట్లాడుతూనే ఉంటాడు. ఆమె వంటింట్లో కుక్కర్‌తో కబుర్లు చెప్పుకుంటుంది. శనివారం మాత్రం మొగుడు పూర్తిగా ఆమె సొంతం. బస్సులో పక్కపక్క సీట్లు, ఇద్దరికీ ఒకే గొడుగు, దారి పొడుగునా ఊళ్ళో పిజ్జాలన్నిటినీ ఉతికి ఆరెయ్యడం. ఇప్పుడు బస్సు నంబర్లు ఆమే చెబుతోంది. ఆర్డరూ ఆమే ఇస్తోంది, వాళ్ళ భాషలోనే, తప్పులతో సహా.

భయమంతా ఒకటే. ఆ పాడు పిజ్జా ఎక్కడైనా దొరికిపోతుందేమోనని. కొత్త కొట్టు మెట్లెక్కినప్పుడల్లా “దేవుడా, ఇదీ దరిద్రంగానే ఉండేలా చూడు” అని మొక్కుకునేది.

ఒకరోజు అత్తగారు ఫోన్ చేసింది.

“ఏమ్మా, మావాడు తిండి దగ్గర ఇబ్బంది పెట్టట్లేదు కదా?”

“పెట్టకేం అత్తయ్యా! ఏ పిజ్జా చూసినా వంకలే.”

“ఎవరూ, వాడా? మాడిన కూర పెట్టినా పల్లెత్తు మాట అనకుండా తినిపోయే రకం కదమ్మా!”

ఏ తల్లికి కొడుకు లోపాలు కనబడ్డాయి గనక, అనుకుని నవ్వుకుంది.

ఆ శనివారం వాన. వెతుక్కుంటూ వచ్చిన కొట్టుకి తాళం వేసి ఉంది. సందు చివర ఇంకో చిన్న కొట్టు కనిపించింది. పొగగొట్టం లోంచి కట్టెలు కాలుతున్న వాసన వస్తోంది.

“అక్కడికి పోదాం పదండి.”

“అదా? వద్దు. బోర్డు చూడు, సగం అక్షరాలు ఊడిపోయాయి. బోర్డే నిలబెట్టుకోలేనివాడు పిజ్జా ఏం నిలబెడతాడు?”

“తడిసిపోతున్నామండీ!”

“తడుద్దాం. ఆరోగ్యానికి మంచిది.”

ఆమె చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. అతను పొయ్యి వైపు వీపు పెట్టి, మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. టోపీ కూడా తియ్యలేదు.

“ఇంత దిక్కుమాలిన చోట మనల్నెవరైనా చూస్తే పరువు పోతుంది” అని గొణిగాడు.

పిజ్జా వచ్చింది. మధ్యలో పల్చగా, అంచులు ఉబ్బి, అక్కడక్కడా మాడి. ఆమె ఒక ముక్క కొరికింది. టమాటా పులుపులో చీజ్ వెన్నలా కరిగిపోయింది. ఇన్నాళ్ళూ తిన్నది ఎంత చెత్తో అప్పుడు తెలిసింది. ఇదే అది. శనివారాలు అయిపోయాయి. ఇక ఇంటికే డబ్బా వస్తుంది, అతను మళ్ళీ తలుపేసుకుంటాడు.

అతను నోరు తెరిచేలోగా ఆమే అందుకుంది.

“ఛీ! ఇదీ ఒక పిజ్జాయేనా? అంచులు చూడండి, బొగ్గులు. మధ్యలో చూడండి, చీజ్ రాసిన పాత బనీను!”

అతను నమలడం ఆపి ఆమెను తేరిపార చూశాడు.

“అంతేనంటావా?”

“అంతకన్నా అధ్వానం. మీ నాలుక్కేమైంది ఇవాళ?”

“నాదీ అదే మాట. ఘోరం” అంటూనే ఆఖరి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. “వచ్చే శనివారం ఇంకోటి వెతుకుదాం. పద, పద, తొందరగా.”

హమ్మయ్య అనుకుంది. అతను డబ్బు బల్ల మీదే పెట్టేసి, ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి గబగబా నడిపించాడు. గుమ్మం దగ్గరికి చేరేసరికి, పిండి చేతులు తుడుచుకుంటూ కొట్టు యజమాని పొయ్యి దగ్గర్నుంచి పరుగున వచ్చాడు. వంగి, టోపీ కింద ఉన్న మొహం చూసి, ఫక్కున నవ్వి అతని వీపు మీద చరిచాడు. ఆ పెద్దాయన మాట్లాడింది వాళ్ళ భాషలోనే. అయినా ఇప్పుడామెకు ప్రతి మాటా అర్థమైంది.

“రోజూ ఇక్కడే తినేవాడివి కదయ్యా, పెళ్ళయ్యాక ఏమైపోయావు?”