నీవు, నువ్వు, మీరు

"దేవుణ్ణి పట్టుకుని 'నువ్వు' అంటావేమిటే! ఆయనేమన్నా నీ తోటికోడలి తమ్ముడా?"

దర్జీ కత్తెర బల్లమీద పెట్టి మరీ అడిగాడు. సాయంత్రం ప్రార్థనలో ఏం చెప్పబోతున్నావో ఒక్కసారి వినిపించమని భార్యను అడిగింది తనే. "తండ్రీ, నువ్వు చూస్తూనే ఉన్నావుగా, అని మొదలుపెడతానండీ" అని ఆవిడ అనగానే ఇలా అడ్డు తగిలాడు.

మర్నాడు పొద్దున అతని కంటికి ఆపరేషన్. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఉన్నది కుడి కన్నొక్కటే. అదీ ఏడాదిగా మసకబారుతోంది. చూపు వస్తుందనే ఆశ, గట్టిగా మాత్రం చెప్పలేనన్నాడు డాక్టరు. సంఘంవాళ్ళు పదిమంది ఇంటికొచ్చి ప్రార్థన చేస్తామన్నారు. "ఈసారి ఇల్లాలే చెయ్యాలి" అని పాస్టరుగారు ముందే చెప్పేశారు. దర్జీ గుండెల్లో రాయి పడింది అక్కడే. ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు పదిమందిలో ఈవిడ నోరు జారితే!

"పాస్టరుగారు కూడా 'నీవు' అనే కదండీ అంటారు?"

"నీవు వేరు, నువ్వు వేరు. నీవు పుస్తకంలో మాట. నువ్వు వంటింటి మాట."

"నీవు నాకు నోరు తిరగదండీ."

"అయితే శుభ్రంగా 'మీరు' అను. నన్ను అనడం లేదూ? నాతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడు, చాలు."

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "మీరు అన్నాక అన్నీ చెప్పుకోలేమండీ. కాస్త చూసుకుని మాట్లాడాలి."

"అంటే నాకు అన్నీ చెప్పడం లేదా ఏమిటి?"

ఆవిడ పొయ్యిమీద పాలు పొంగుతున్నాయంటూ వెళ్ళిపోయింది. పాలేమీ పొంగిన చప్పుడు కాలేదు.

సాయంత్రానికి కుట్టుమిషన్లు గోడకు జరిపారు. వచ్చినవాళ్ళు కుర్చీల్లో, బల్లమీద సర్దుకున్నారు. దర్జీ మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మరిచిపోయి పాస్టరుగారి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఇక మీరే" అన్నారు పాస్టరుగారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. దర్జీ మాత్రం భయం కొద్దీ ఉన్న ఒక్క కన్నూ కొంచెం తెరిచే ఉంచాడు. మసకమసగ్గా భార్య కనిపించింది. చేతులు కడుక్కుని వచ్చింది. తలమీదికి కొంగు లాక్కుంది. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. గచ్చుమీద మోకాళ్ళూని, నుదురు నేలకు ఆనించి, అలాగే ఉండిపోయింది. ఎవరో పెద్దవారి గుమ్మం ముందు, లోపలికి రమ్మనేదాకా ఆగినట్టు.

ఇన్నేళ్ళలో తను ఏనాడైనా అలా ఆగాడా? గుండీలు లెక్కపెడుతూనే స్తోత్రం చెప్పేవాడు.

ఆవిడ తలెత్తింది. "తండ్రీ, మీరు..." అని ఆగింది. గొంతు సవరించుకుంది. "మీరు... అదే, మీరు..." మళ్ళీ ఆగింది. ఉన్నట్టుండి అలవాటైన దారి దొరికినట్టు గబగబా అంది.

"ఏమండీ!"

"ఆఁ, ఇక్కడే ఉన్నానే!" అన్నాడు దర్జీ.

బల్లమీద ఎవరో దగ్గు నటించారు. పాస్టరుగారి భుజాలు కదిలాయి. దర్జీ నాలుక కరుచుకున్నాడు. భార్య ముఖం చూడబోతే, ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఉంది. నవ్వో ఏడుపో ఆ కంటికి ఆనలేదు.

"నీకు వచ్చినట్టే చెయ్యవే" అన్నాడు మెల్లగా.

ఆవిడ మళ్ళీ నుదురు నేలకు ఆనించింది. ఈసారి మాట తడబడలేదు.

"తండ్రీ, నువ్వు చూస్తూనే ఉన్నావుగా. ఈయన భయపడుతున్నారు. ఎవరితోనూ అనరు. నాతో అసలే అనరు. ఏడాదిగా ఈయనకి సూది బెజ్జం సరిగా కనపడటం లేదు. తెల్లారగట్ల ఈయన లేవకముందే నేను సూదులన్నిటికీ దారాలెక్కించి దూదిమెత్తకి గుచ్చి పెడుతున్నాను. రాత్రి తనే ఎక్కించి మరిచిపోయాననుకుంటారు. ఆ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు. అయ్యా, నీ పాదాల దగ్గర తప్ప ఇది ఎక్కడ చెప్పుకోను? ఆ కన్ను ఉంచు. ఉంచకపోయినా సరే, దారాలు నేనే ఎక్కిస్తాను. నువ్వు మాత్రం ఈయన దగ్గర ఉండు. ఆమెన్."

ఎవరూ వెంటనే కళ్ళు తెరవలేదు. తను చెయ్యాల్సిన ముగింపు ప్రార్థనను పాస్టరుగారు రెండు మాటల్లో కానిచ్చేశారు.

అందరూ వెళ్ళాక ఆవిడ కుర్చీలు సర్దుతోంది. దర్జీ దూదిమెత్త చేతిలోకి తీసుకుని వేలితో తడిమాడు. ఏడు సూదులు. ఏడింటికీ దారాలు. నలభై ఏళ్ళుగా తనకు దక్కింది మర్యాద. మిగతాదంతా ఆ గచ్చుమీద నుదురు ఆనించిన చోటికే వెళ్ళింది. దేవుడిమీద కోపం రాలేదు గాని, చిన్న అసూయలాంటిదేదో కలుక్కుమంది.

"ఏమే, ఇలా రా."

ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడింది. చీవాట్లు తప్పవనుకుందేమో, తల వంచుకుంది.

"చెప్పండి."

"'చెప్పండి' కాదే," అన్నాడు దర్జీ. "'చెప్పు' అను."