కింది వాటా చప్పుడు

"నా కుడి చెయ్యి నా మాట వినదు. నీ డబ్బా నీ మాట వినదు. సరిపోయాం ఇద్దరం!" అంది అత్తగారు.

కోడలికి నవ్వాగలేదు. పిడిని కుడికి తోస్తే తెరమీది బొమ్మ ఎడమకి పరిగెడుతోంది మరి.

"రెండు వైర్లు అటూ ఇటూ అయ్యాయి అత్తయ్యా. ఒక్క నిమిషం."

కోడలు కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. పాత సొరుగొకటి బోర్లించి, కన్నాలు పెట్టి, మూతపడ్డ వీడియో గేముల దుకాణం నుంచి తెచ్చిన పిడినీ పెద్ద పెద్ద బటన్లనీ బిగించింది. వాటి వైర్లన్నీ పోయి ఒక చిన్న బోర్డులో చేరతాయి. ఆ బోర్డు ఇంట్లోని కంప్యూటరుకి. ఎడమ చేత్తో పిడి తిప్పాలి, కుడి చేత్తో బటన్ నొక్కాలి.

ఆ కుడి చేతి కోసమే ఇంత హైరానా. పక్షవాతానికి పడిపోయిన చెయ్యి. కదిలిస్తే వస్తుంది, వదిలేస్తే బిగుసుకుపోతుంది అన్నాడు డాక్టరు. నొక్కమని ఆయనిచ్చిన రబ్బరు బంతిని అత్తగారు ఒక పూట నొక్కి గోడకేసి కొట్టింది.

"దీన్ని నొక్కితే ఏమొస్తుందే, నా మొహం!"

వయసులో ఉండగా ఆవిడ గేముల దుకాణంలో టోకెన్లు ఇచ్చేది. షాపు మూసేముందు ఒక ఆట ఆడందే ఇంటికొచ్చేది కాదట. ఆ మాట గుర్తొచ్చే కోడలు ఈ పనికి పూనుకుంది.

వైర్లు మార్చింది. అత్తగారు కుడి చేతిని మోసుకొచ్చినట్టు తెచ్చి బటన్ మీద పడేసింది.

టక్!

తెరమీద బొమ్మ ఎగిరింది. ఆవిడ కళ్ళు మెరిశాయి.

ఓడింది, మళ్ళీ ఓడింది, ఆటని తిట్టింది. చివరికి గెలిచింది. గెలుపు పాట ఇల్లంతా మోగింది.

వెంటనే కింది వాటాలోంచి, ధన్! ధన్! ధన్!

"ఎవరే అది?"

"కొత్తగా దిగిన ముసలాయన అత్తయ్యా. కర్రతో కప్పు పొడుస్తున్నాడు."

ఆ తర్వాత రోజూ ఇదే వరస. పాట మోగడం, కింద కర్ర మోగడం. కోడలు ప్రాణం విసిగి, క్షమాపణ చెప్పి వద్దామని దిగి వెళ్ళింది. ఆయనే తలుపు తీశాడు. ఒక చెయ్యి జేబులో ఉంది, రెండో చేతిలో కర్ర ఉంది.

"మీకు ఇబ్బందిగా ఉందేమోనండీ..."

ఆయన గొంతులో ఏదో గురగురమన్నాడు. గుడ్లు పెద్దవి చేసి, కర్ర పైకెత్తి ఊపాడు. కోడలు రెండో మాట కోసం ఆగలేదు. ఒక్క పరుగున పైకొచ్చి పడింది.

"మనిషి కాదత్తయ్యా, పులి! మీదికి కర్రెత్తాడు!"

ఎందుకొచ్చిన గొడవ అని బటన్ల కింద స్పాంజీ ముక్కలు పెట్టింది. స్పీకర్ వైరు పీకేసింది.

కర్ర చప్పుడు ఆగింది. దాంతోపాటే అత్తగారి ఉత్సాహమూ చల్లారింది.

"పాట లేని గెలుపు ఓ గెలుపేమిటే?" అంది మొదట. తర్వాత "రేపాడతాలే" అంది. ఆ రేపు మళ్ళీ రాలేదు. డబ్బా మీద దుప్పట్లు మడతపెట్టడం మొదలైంది. కుడి చెయ్యి మళ్ళీ ఒళ్ళో పడి ఊరుకుంది. దాన్ని చూసినప్పుడల్లా కోడలికి కింది వాటా మీద ఒళ్ళు మండేది.

ఒకరోజు కింద సామాన్లు కడుతున్న చప్పుడైంది. కాసేపటికి ఎవరో ఒకామె తలుపు తట్టింది.

"కింద ఉన్నది మా నాన్నగారండీ. మా ఇంటికి తీసుకెళ్ళిపోయాను. సామాన్ల కోసం వచ్చాను. మీ ఇంట్లో ఒక పాట మోగేది కదా, ఎందుకు మానేశారు?"

"బాగుంది! ఆయన కొడుతుంటే ఎలా మోగిస్తామండీ?"

"ఒక్కసారి మోగిస్తారా? ఫోన్లో ఆయనకి వినిపిస్తాను."

"మళ్ళీ కొట్టడానికా?"

"కొడతారేమోననే నా ఆశండీ."

కోడలికి తలా తోకా అర్థం కాలేదు. అత్తగారు మాత్రం దుప్పట్లు కింద పడేసింది. "ఆ స్పాంజీలు పీకవే. వైరు పెట్టు," అంది.

కుడి చెయ్యి మొరాయించింది. నాలుగు రోజులు వదిలేస్తే ఇంత పనీ చేసింది! అత్తగారు పళ్ళు బిగించి దాన్ని బటన్ మీదికి ఈడ్చింది. టక్. టక్. ఓడింది. మళ్ళీ ఆడింది. నుదుటిన చెమట పట్టింది గానీ చెయ్యి తియ్యలేదు.

గెలిచింది. పాట మోగింది.

ఆమె కలిపి పట్టుకున్న ఫోను వంక ముగ్గురూ చూశారు.

ధన్! ధన్! ధన్!

"విన్నారా? అక్కణ్ణుంచి కూడా!" అంది కోడలు.

ఆయన కూతురి కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. "మా ఇంటికొచ్చాక ఇదే మొదటిసారండీ."

"తిడుతుంటే సంతోషమేమిటండీ!"

"తిట్టడమా? అయ్యో రామా! నాన్నకి మాట పడిపోయింది, కుడి చెయ్యి కూడా పడిపోయింది. నేను చూడ్డానికొచ్చినప్పుడు, ఈ పాట వినగానే పైన ఎవరో గెలిచారని నాకు సైగ చేసేవారు. ఒంటి చేత్తో చప్పట్లు కొట్టలేరు కదండీ, అందుకని కర్రతో కొట్టేవారు."

కోడలు స్పాంజీ ముక్కలన్నీ ఏరి చెత్తబుట్టలో పడేసింది.

"ఫోను పెట్టెయ్యకమ్మా," అంది అత్తగారు, బటన్ మీది కుడి చెయ్యి తియ్యకుండానే. "ఇంకో ఆట ఉందని చెప్పు ఆయనకి."