ఓడిపోవలసిన బావి

ఎండిపోవలసిన బావిలో నిండా నీళ్లు కనిపించేసరికి హరిచందనకు గుండె ఆగినంత పనైంది.

ఇంకుడు గుంతలు తవ్వితే భూమి దాచిపెట్టే నీటికి ఎంత విలువ కట్టవచ్చో తేల్చడం ఆమె పరిశోధన. శామీర్‌పేట దాటాక వచ్చే ఈ ఊళ్లో ఏజాజ్ అనే రైతు బావి చుట్టూ గుంతలు తవ్వించింది. పోల్చి చూడడానికి, రోడ్డవతల అతని బావ వహాబ్ బావిని మాత్రం గుంతల్లేకుండా వదిలేసింది. ఈ మండుటెండల్లో అది ఎండాలి. ఎండితేనే ఆమె థీసిస్ నిలుస్తుంది.

తనిఖీకి వచ్చిన గైడ్ జనార్ధన్ ఒక చేద నీళ్లు తోడించి, వాసన చూసి, పుక్కిలించి ఉమ్మాడు.

“నీళ్లే!” అని తేల్చాడు.

“పోయిన వారం అడుగు కనిపించింది సార్!”

“అక్కడా నీళ్లే, ఇక్కడా నీళ్లే. ఇక గుంతలెందుకమ్మా? లోపల ఏ నదో దారి మళ్లినట్టుంది. నువ్వు వేరే టాపిక్ వెతుక్కో.”

హరిచందన కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో ఇస్త్రీ లాల్చీ, అత్తరు ఘుమఘుమలతో పెళ్లికొడుకులా వచ్చాడు వహాబ్. చేతిలో చాయ్ పళ్లెం. వెనకే భార్య షహర్ బాను, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది.

“సూసిన్రా సార్, మా బావి?” గడ్డం దువ్వుకున్నాడు వహాబ్.

“వానల్లేవు, గుంతల్లేవు. ఇన్ని నీళ్లెక్కడివి చాచా? నా చదువంతా మట్టికొట్టుకుపోయేలా ఉంది.”

“పైవాడి దయ బేటీ!”

“దయ గాదు, వట్టి రోషం!” అంది షహర్ బాను. “జెప్పరాదా, పిల్ల ఏడుస్తాంది!”

వహాబ్ పళ్లెం గట్టు మీద పెట్టాడు.

“ఏం జెయ్యమంటవ్ బేటీ? ఓడిపోయేటందుకు ఊర్ల నా బావే దొరికిందా నీకు? అందరు మా బామ్మర్ది బావినే మెచ్చుకోవట్టిరి. ఇజ్జత్ పోతదని మోటర్ వెట్టి నింపిన.”

“ఎక్కడి నీళ్లతో?” గురుశిష్యులిద్దరూ ఒక్కసారే అరిచారు.

వహాబ్ రోడ్డవతలికి ఓ చూపు విసిరి, గొంతు తగ్గించాడు.

“ఏజాజ్‌కు మాత్రం జెప్పకుండ్రి సార్. రోడ్డు కింది మోరీల పైపేసి, వాని బావిలకెళ్లే గుంజిన. బేటీ గుంతలు తవ్వించిన సంది ఆ బావిల నీళ్లు ఎంత గుంజినా తరుగుతనే లేవు!”