అర్ధాయువు

గుమ్మానికి రెండు బారల దూరంలో కంచం పెట్టి, మంగతాయి అక్కడే నిలబడిపోయింది.

"కంచం అక్కడుంచి వెళ్లక్కా. ఈ మందు ఒంట్లో ఉన్నన్నాళ్లూ దగ్గరికి రాకూడదన్నారుగా," అంది గదిలోంచి తోడికోడలు సూర్యకుమారి. మెడలో కేన్సరు గడ్డ తీసేశాక, బెజవాడ ఆసుపత్రిలో రేడియోధార్మిక అయోడిన్ మింగించి పంపారు. నాలుగు రోజులుగా ఆ గదిలో ఒంటరిగా ఉంటోంది.

"ఒక్క మాట చెప్పి వెళ్తానే. రెండేళ్ల కిందట హంసలదీవి తుఫాను షెల్టర్లో క్యాంపు పెట్టారు చూడు, నీ మెడమీద గడ్డ వెంటనే పెద్దాసుపత్రిలో చూపించమని డాక్టరమ్మ నాతో చెప్పింది. నీకు చెప్పలేదు. నువ్వెళ్తే ఎండుచేపల పనంతా నా ఒక్కదాని నెత్తిన పడుతుందని."

సూర్యకుమారి మంచం మీద లేచి కూర్చుంది.

"ఇన్నాళ్లూ దాచినదానివి, ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

మంగతాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆసుపత్రి కాగితం కూడబలుక్కుని చదివానే. అర్ధాయువు ఎనిమిది రోజులని రాశారు. నాలుగు అయిపోయాయి."

"ఆ ఆయువు నాది కాదక్కా, మందుది. ఎనిమిది రోజులకి దాని బలం సగమవుతుంది. ఇంకో ఎనిమిది రోజులకి ఆ సగంలో సగం. అలా తగ్గుతూ పోతుంది. నాకేం ఫర్వాలేదన్నారు."

మంగతాయికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, తన నోటితో తాను చెప్పింది గుర్తొచ్చి మొహం పాలిపోయింది.

"మరి పూర్తిగా ఎప్పుడు పోతుందే?" అంది.

"కంచం అక్కడుంచి వెళ్లక్కా."

నాలుగు రోజులుగా వింటున్న మాటే. ఇవాళ మాత్రం అది మందు వల్ల అన్నదో కాదో మంగతాయికి తెలియలేదు.