యాభై రెండో దూది

ఆ షాపులో క్రీముల అమ్మకమంతా దూది మీదే నడిచేది.

"మొహం కడుక్కునే వచ్చారుగా మేడమ్? ఒక్కసారి ఇలా రండి" అని పిలవాలి. తడి దూదితో చెంప తుడవాలి. నల్లబడ్డ దూదిని కళ్ళ ముందు పెట్టాలి. వచ్చినావిడ మొహం మాడిపోతుంది, డబ్బా బిల్లవుతుంది.

ఈ విద్యలో ఆ కౌంటరావిడది అందె వేసిన చెయ్యి. తోటివాళ్ళు ఆమెని క్రీమక్క అనేవారు.

ఒక సోమవారం పొద్దున ఒక పెద్దావిడ వచ్చింది. వెలిసిపోయిన బట్టలు, భుజాన గుడ్డ సంచి. క్రీమక్క తుడిచి దూది చూపించింది. పెద్దావిడ కంగారు పడకపోగా, దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏ క్రీము ఇవ్వమంటారు పెద్దమ్మా?"

"ఇన్ని డబ్బాలు నీ చేతిలో ఉన్నాయి. మీ ఇంట్లోవాళ్ళ చర్మం నిగనిగలాడిపోతుండాలే!"

క్రీమక్క నవ్వబోయి ఆగింది.

"మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. మెడా చేతులూ ఎప్పుడూ దద్దుర్లే. గోకి గోకి రక్తం వచ్చేదాకా ఊరుకోదు. ఇక్కడి శాంపిళ్ళన్నీ రాశాను. డాక్టరేమో గాలి బాలేదు, ఇల్లు మారమంటాడు. మారడం అంటే మాటలా?"

"ఇల్లెక్కడ?"

"పాత టైర్లు కాల్చే యార్డు లేదూ, దాని గోడ పక్క సందులో చివరి ఇల్లు. నేను ఎనిమిదింటికే బయల్దేరి వచ్చేస్తాను. తొమ్మిదింటికి వాళ్ళు రాజేస్తారు. పిల్ల ఆ పొగలోంచే బడికి పోవాలి."

పెద్దావిడ ఏమీ కొనకుండానే వెళ్ళిపోయింది.

మళ్ళీ సోమవారం అదే వేళకి వచ్చి చెంప చూపించింది.

"తుడువమ్మా."

ఈసారి దూది బొగ్గులా వచ్చింది. పెద్దావిడ దాన్ని అడిగి తీసుకుని, కాగితంలో పొట్లం కట్టి, పైన ఏదో రాసింది.

"తుడిచింది నువ్వేనని ఇక్కడ ఓ సంతకం పెట్టు."

"ఆస్తి రాయించుకోవట్లేదు కదా పెద్దమ్మా?"

"ఉంటే నువ్వే రాయించుకుందువుగానిలే. పెట్టు."

క్రీమక్క చదవకుండానే నవ్వుతూ పెట్టింది. అప్పట్నించీ ప్రతి సోమవారం ఇదే వరస. కౌంటర్లవాళ్ళు ఆవిడకి దూది పెద్దమ్మ అని పేరు పెట్టారు.

నెలలు గడిచేకొద్దీ పెద్దావిడ మొహం నిండా మచ్చలు తేలాయి. చర్మం పొడిబారి పొట్టు రాలుతోంది.

"మీరే చూసుకోండి ఎలా అయిందో. ఒక్క డబ్బా కొనుక్కోరాదూ?"

"ఈ మొహానికి ఇంకొన్నాళ్ళు ఏమీ రాయకూడదమ్మా."

పిసినారితనానికి కూడా ముహూర్తం ఉంటుంది కాబోలు అని పక్క కౌంటరు పిల్లలు నవ్వుకున్నారు.

ఏడాది కావస్తుండగా విషయం మేనేజరు కంట్లో పడింది.

"దూది మనది, మొహం ఆవిడది. మరి బిల్లేది? ఇంకోసారి తుడిచావంటే నువ్వూ ఆవిడ వెనకే వెళ్ళిపో."

ఆ సోమవారం పెద్దావిడ దగ్గుతూ వచ్చింది. మేనేజరు అక్కడే నిలబడి చూస్తున్నాడు.

"ఇదొక్కటేనమ్మా. దీంతో అయిపోతుంది."

"కొనని మొహాన్ని ఎన్నాళ్ళని తుడవను? మాకింక వేరే పని లేదనుకున్నారా?"

మాట అనుకున్నదానికన్నా గట్టిగానే వచ్చేసింది. పెద్దావిడ మేనేజరు వైపు ఒకసారి చూసింది. ముందే రాసి తెచ్చుకున్న కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

క్రీమక్క రెండు సోమవారాలు గుమ్మం వైపు చూసింది. తర్వాత మర్చిపోయింది.

మూడు నెలలు తిరిగేసరికి కూతురి చేతులు నున్నబడ్డాయి. అప్పుడు రాస్తున్నది నీలం డబ్బా క్రీము. ఇక క్రీమక్కకి పట్టపగ్గాల్లేవు. వచ్చినవాళ్ళందరికీ ఫోనులో కూతురి ఫొటో చూపించి మరీ అమ్మింది. మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు.

ఆమధ్యే యార్డుకి తాళం పడింది. ఎవరో కోర్టుకెక్కారట. బట్టలు మసి పడకుండా ఆరుతున్నాయని సంతోషించింది తప్ప, క్రీమక్క అంతకుమించి ఆలోచించలేదు.

ఒక రోజు నడివయసు మనిషి ఒకాయన పెద్ద అట్ట పట్టుకుని కౌంటరు దగ్గరికొచ్చాడు. అట్ట నిండా గళ్ళు, గడికో పొట్లం, పొట్లానికో నల్లటి దూది.

"ఈ సంతకాలు మీవేనామ్మా?"

"నావే. మీరు?"

"ఆవిడ తమ్ముణ్ణి. అక్క చర్మవ్యాధుల ఆస్పత్రి ల్యాబులో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. యార్డు మీద కేసు వేసింది తనే. తనే తుడుచుకుంటే మసి పూసుకుందంటారని మీ చేత తుడిపించింది. క్రీము రాస్తే పరీక్షలో తేడా వస్తుందని మొహానికి ఏమీ రాసుకోలేదు. సోమవారం వస్తే చాలు, గంటసేపు ఆ పొగలోనే నిలబడేది."

"ఏరీ, ఆవిడ రాలేదా?"

"తీర్పొచ్చిన వారానికే పోయింది. దగ్గు ముదిరిపోయింది. అట్ట మీకే ఇవ్వమంది."

క్రీమక్క చూపు చివరి గడి మీద ఆగిపోయింది. అందులో దూది లేదు.

"యాభై రెండు వారాలనుకుందమ్మా. చివరిది కుదర్లేదు. ఏమైందక్కా అంటే, 'పాపం, ఆ పిల్లకి ఆ రోజు పని ఒత్తిడి' అంది."

క్రీమక్క కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

దూది లేని ఆ గడిలో కూడా, మిగతా యాభై ఒక్క గళ్ళలో ఉన్నట్టే, తేదీ కింద నిలబడిన చోటు రాసి ఉంది: యార్డు గోడ పక్క సందు, చివరి ఇంటి గుమ్మం.