స్పీకర్ పక్క కుర్చీ

"ఒక్కసారి ఇను బాపూ. గప్పుడు గూడ వద్దంటే మళ్ల డ్రమ్స్ ముట్ట." ఇట్లా బతిమాలి, తండ్రి కైలాసాన్ని కరీంనగర్‌లో పాత రాక్ బ్యాండ్ ప్రోగ్రాంకు తీసుకొచ్చింది ప్రవళిక.

చిన్న హాలు. ముప్పై ఏళ్లుగా మరమగ్గాలు నడుపుతున్న కైలాసం స్పీకర్ పక్కనే కూర్చుని, రెండో పాటకే గురక మొదలుపెట్టాడు.

ప్రవళికకు ఒళ్లు మండింది. మోచేత్తో పొడిచింది, చెవిలో అరిచింది. తెల్లజుట్టు డ్రమ్మర్ గోడలు అదిరేలా వాయిస్తున్నా ఆయన కదల్లేదు. ఇక ఒప్పుకున్నట్టే!

పాట మధ్యలో డ్రమ్మర్ చటుక్కున కర్రలు పైకెత్తి ఆపాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది.

కైలాసం ఉలిక్కిపడి లేచాడు. చేయి మగ్గం స్విచ్చు కోసం పక్కన తడిమింది.

"ఏమైంది బిడ్డా, కరెంటు వోయిందా?"

ప్రవళిక ఆ చేయి పట్టుకుంది. "పోలే బాపూ. నువ్వు పండుకో."